తెరచాటు బిస్మిల్లా

పేరు దాచుకున్న మనిషి అబద్ధాలకోరా? దాచుకోక తప్పని స్థితి తెచ్చిన లోకం అబద్ధాలకోరా?

ఈ ప్రశ్న మాకు తత్వశాస్త్రం పుస్తకంలోంచి రాలేదు. అద్దె ఇళ్ళ గుమ్మాల ముందు వచ్చింది. రైలు పెట్టెలో ఎదుటి బెర్తు పెద్దమనిషి టిఫిన్ డబ్బా మూత తీస్తూ 'బాబూ, మీ పేరేమిటి' అన్నప్పుడు వచ్చింది. 'మీరు తెలుగు ఇంత చక్కగా రాస్తారే' అనే మెచ్చుకోలులో వచ్చింది. ఇంట్లో ఉర్దూ, కాగితం మీద తెలుగు. రెండూ మావే. అయినా ఎక్కడికి పోయినా ఏదో ఒకదానికి జామీను చూపించాలి. 'కలం పేరు ఒకటి పెట్టుకోరాదూ, నలుగురూ చదువుతారు' అని మా మేలు కోరి సలహా చెప్పినవాళ్ళున్నారు. ఆ మేలు బరువెంతో మోసినవాళ్ళకే తెలుసు.

ఈ ప్రశ్నని మా గుమ్మం ముందే నిలబెట్టి మాట్లాడితే, ఇదంతా మైనారిటీల ఏడుపులే అని పక్కకు నెట్టేసేవాళ్ళుంటారు. అందుకని దాన్ని దూరం తీసుకెళ్ళి చూడదలిచాం. మాకు చుట్టమూ పక్కమూ కాని చోటికి. ఇంగ్లండుకి, 1975కి, ఒక రాక్ బృందం కచేరీ యాత్ర దగ్గరికి. ఆ బృందం పేరు క్వీన్. ఆ సంగీతం వినని పాఠకులు కంగారుపడనక్కర్లేదు. మేం మాట్లాడేది గిటారు గురించి తక్కువ, పేరు గురించి ఎక్కువ.

1975 నవంబరు 14న లివర్‌పూల్‌లోని ఎంపైర్ థియేటర్‌లో ఆ యాత్ర మొదలైంది. నలుగురు కుర్రాళ్ళు. గిటారు వాయించే బ్రయన్ మే ఖగోళ భౌతికశాస్త్రంలో పరిశోధన మధ్యలో వదిలేసి వచ్చినవాడు. చేతిలోని గిటారు కూడా తండ్రితో కలిసి ఇంట్లో పాత చెక్కతో చేసుకున్నదే. డ్రమ్స్ వాయించే రోజర్ టేలర్ దంతవైద్యంలో చేరి జీవశాస్త్రానికి మారినవాడు. బేస్ గిటారు జాన్ డీకన్ ఎలక్ట్రానిక్స్ పట్టభద్రుడు. నాలుగోవాడు పియానో ముందు కూర్చుని పాడేవాడు. లండన్‌లోని ఈలింగ్ ఆర్ట్ కాలేజీలో గ్రాఫిక్ డిజైన్ చదివాడు. బృందానికి క్వీన్ అని పేరు పెట్టిందీ, ముద్ర గీసిందీ అతనే. పోస్టర్ల మీద అతని పేరు ఫ్రెడ్డీ మెర్క్యురీ.

అప్పటికి వాళ్ళవి మూడు ఆల్బములు వచ్చాయి. పేరొచ్చిందిగానీ డబ్బు చేతికందలేదు. పాత మేనేజర్లతో తెగతెంపులు చేసుకుని, చేతిలో ఉన్నదంతా నాలుగో ఆల్బం మీద పెట్టారు. 'ఎ నైట్ ఎట్ ది ఒపేరా' అనే ఆ ఆల్బం యాత్ర మొదలైన వారానికి, నవంబరు 21న విడుదలైంది. అందులోని 'బొహీమియన్ రాప్సొడీ' పాట అక్టోబరు 31నే బయటికొచ్చింది. పాట నిడివి 5 నిమిషాల 55 సెకన్లు. మూడు నిమిషాల పాటలకు అలవాటుపడిన రేడియోలో ఇంత పొడుగు పాట ఎవడు వేస్తాడన్నారు. అందులో పల్లవి లేదు. మెల్లగా పియానో మీద మొదలవుతుంది, మధ్యలో ఒపేరాలా గుంపు గొంతులు కలబడతాయి, ఆ తర్వాత గిటార్లు విరుచుకుపడతాయి, చివరికి మళ్ళీ సన్నగా అయిపోతుంది. బృందం ఊరూరా తిరుగుతుండగానే ఆ పాట కూడా మెట్లెక్కింది. నవంబరు నెలాఖరుకు బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరి, తొమ్మిది వారాలు అక్కడినుంచి దిగలేదు. డిసెంబరు 24 రాత్రి లండన్ హామర్‌స్మిత్ ఓడియన్‌లో జరిగిన కచేరీని బి.బి.సి. ప్రసారం చేసింది. జనవరి నుంచి అమెరికా. మార్చిలో టోక్యో బుడోకాన్. ఏప్రిల్‌లో ఆస్ట్రేలియా. అయిదు నెలల పైచిలుకులో నాలుగు ఖండాలు. ఆ బృందం సృజన అంత ఉడుకు మీద ఉన్న రోజులు అవేనని చాలామంది అంటారు. మేమూ ఒప్పుకుంటాం.

ఇప్పుడు మా ప్రశ్నకు సంబంధించిన సంగతి. ఆ పాట మధ్యలో, గుంపు గొంతుల కలబాటలో, ఒక మాట పదేపదే వినిపిస్తుంది. బిస్మిల్లా.

మేం ముద్ద నోట్లో పెట్టుకునే ముందు అనే మాట. పిల్లవాడికి మొదటి అక్షరం దిద్దించేటప్పుడు అనే మాట. దస్తర్‌ఖాన్ మీద వడ్డించి అమ్మీ 'బిస్మిల్లా కరో బేటా' అంటుంది. ఆ మాట లివర్‌పూల్‌లో, న్యూయార్క్‌లో, టోక్యోలో వేలమంది చెవుల్లో మోగింది. వాళ్ళలో ఎంతమందికి అర్థం తెలుసు? ఆ పాటకు అర్థమేమిటని జీవితాంతం అడిగారు అతన్ని. చెప్పలేదు. వినేవాళ్ళే తేల్చుకోవాలన్నాడు.

ఇంకో సంగతి ఉంది. ఆ గుంపు గొంతుల భాగం వేదిక మీద పాడటం వాళ్ళకు సాధ్యం కాదు. స్టూడియోలో ముగ్గురి గొంతుల్నే మళ్ళీ మళ్ళీ రికార్డు చేసి, ఒకదానిమీద ఒకటి పేర్చి, పెద్ద బృందగానంలా చేశారు. నలుగురు మనుషులు కచేరీలో దాన్ని ఎలా పాడతారు? అందుకని ఆ యాత్రలో పాటని ముక్కలు చేసి వాడుకున్నారు. తర్వాతి యాత్రల్లో పాటంతా వరసగా వాయించేవాళ్ళు. ఆ భాగం రాగానే నలుగురూ తెరచాటుకు వెళ్ళిపోయేవాళ్ళు. టేపు పాడేది. గిటార్ల భాగం రాగానే వెలుగులోకి దూకేవాళ్ళు. అంటే బిస్మిల్లా మోగే వేళకు ఆ మాట రాసినవాడు వేదిక మీద ఉండేవాడు కాదు. దీనికి కారణం కేవలం సాంకేతికం. ఇందులో ఏదో గూఢార్థం ఉందని మేం వాదించం. కానీ అతని బతుకు సంగతి తెలిశాక ఆ ఖాళీ వేదిక మా కళ్ళముందు నుంచి పోదు.

ఎవరతను?

అతని పేరు ఫరోఖ్ బుల్సారా. 1946 సెప్టెంబరు 5న ఆఫ్రికా తీరాన ఉన్న జాంజిబార్ దీవిలో, స్టోన్ టౌన్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు గుజరాత్ నుంచి వెళ్ళిన పార్సీలు. బుల్సార్ ఊరివాళ్ళు కాబట్టి బుల్సారా. ఇవాళ ఆ ఊరిని వల్సాడ్ అంటున్నారు. తండ్రి బ్రిటిష్ ప్రభుత్వ కొలువులో క్యాషియరు. పిల్లవాణ్ణి చదువుకోసం ఎనిమిదేళ్ళ వయసులో మహారాష్ట్రలోని పంచగనికి, ఒక బోర్డింగ్ స్కూలుకి పంపారు. ఫ్రెడ్డీ అన్న ముద్దుపేరు అక్కడి స్నేహితులదే. పియానో అక్కడే నేర్చాడు, మొదటి బ్యాండు అక్కడే కట్టాడు. ఫరోఖ్ అంటే మేం ఉర్దూలో అనే ఫర్రుఖే. మొఘలు పాదుషా ఫర్రుఖ్‌సియర్ పేరులో ఉన్నది అదే. శుభం కలవాడని అర్థం.

జాంజిబార్ ముస్లిం దీవి. ఆ ఇరుకు వీధుల్లో పుట్టినవాడి చెవిన అజాన్ పడకుండా ఉండదు. అరబ్బీ, స్వాహిలీ, గుజరాతీ, ఇంగ్లీషు ఒకే గల్లీలో ఒరుసుకుంటూ తిరిగే ఊరు అది. బిస్మిల్లా అతని మజహబ్ మాట కాదు, అతని గల్లీ మాట. 1978లో 'ముస్తఫా' అనే పాట రాసి, అల్లా పేరు తలుస్తూ, అరబ్బీలా వినిపించే మాటల్ని కలిపి ఆడుకున్నాడు. తర్వాత కచేరీల్లో కొన్నాళ్ళు ఆ పాట ఎత్తుగడ అందుకుని దానిమీదుగా 'బొహీమియన్ రాప్సొడీ'లోకి వెళ్ళేవాడు.

1964 జనవరిలో జాంజిబార్‌లో తిరుగుబాటు వచ్చింది. అరబ్బులూ భారతీయులూ వేలల్లో చచ్చిపోయారు. బుల్సారాల కుటుంబం ప్రాణాలు అరచేత పట్టుకుని ఇంగ్లండు చేరింది. లండన్ విమానాశ్రయానికి దగ్గర్లోని ఫెల్తమ్‌లో ఒక చిన్న ఇల్లు. అక్కడికి కొద్ది దూరంలోనే బ్రయన్ మే ఇల్లు. ఆ సంగతి అప్పటికి ఇద్దరికీ తెలియదు. 1970 ప్రాంతంలో ఫరోఖ్ బుల్సారా ఫ్రెడ్డీ మెర్క్యురీ అయ్యాడు. ఆ తర్వాత పుట్టుక గురించి అడిగితే మాట దాటవేసేవాడు. మరీ అడిగితే పర్షియా పేరు చెప్పేవాడు. ఇండియా పేరు చెప్పడం అరుదు.

ఎందుకు దాచాడు? మేం అతని మనసులో దూరి చూడలేం. కానీ అతను బతికిన ఇంగ్లండు ఎలాంటిదో చూడగలం.

1968 ఏప్రిల్ 20న బర్మింగ్‌హామ్‌లో ఇనాక్ పావెల్ అనే పార్లమెంటు సభ్యుడు వలసవచ్చినవాళ్ళ మీద విషం కక్కుతూ ప్రసంగించాడు. పార్టీ అతన్ని పదవినుంచి తీసేసింది. రేవు కూలీలు మాత్రం అతని తరఫున ఊరేగింపు తీశారు. గోధుమరంగు మనుషుల్ని వీధుల్లో వెంటాడి కొట్టడం కుర్రకారుకు వినోదమైంది. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరులో 'పాకీ' అన్న తిట్టు ఉంది. పాకిస్తానీకి పొట్టిపేరు. అయితే కొట్టేముందు వాళ్ళు పాస్‌పోర్టు చూడరు. సిక్కు, గుజరాతీ, బెంగాలీ, పార్సీ ఎవరైనా పాకీయే. తెలుగువాళ్ళం ఈ మాటని ఇంకోలా ఎరుగుదుం. మన దగ్గర పాకీ అంటే ఎవరి నెత్తిన ఏ తట్ట పెట్టి ఊరిబయట నిలబెట్టామో తెలుసు. రెండు మాటలకూ చుట్టరికం లేదు. రెండు చూపులకూ ఉంది. మనిషిని చూడకుండానే ముక్కు మూసుకోవడం రెంటికీ సమానం.

1976 జూన్‌లో, క్వీన్ ఆ యాత్ర ముగించుకొచ్చిన రెండు నెలలకు, ఫెల్తమ్‌కి కొన్ని మైళ్ళ దూరంలోని సౌతాల్‌లో ఒక సిక్కు విద్యార్థిని వీధిలో పొడిచి చంపారు. ఆగస్టు 5న బర్మింగ్‌హామ్ ఓడియన్‌లో ఎరిక్ క్లాప్టన్, గిటారు దేవుడని పొగిడించుకున్నవాడు, కచేరీ మధ్యలో ఇనాక్ పావెల్‌ని సమర్థించి పరదేశీలు వెళ్ళిపోవాలన్నాడు. ఆ పెద్దమనిషి వాయించేది నల్లవాళ్ళ బ్లూస్. రెండేళ్ళ ముందు, 1974లో, అమెరికాలో అతన్ని మొదటి స్థానంలో నిలబెట్టింది బాబ్ మార్లే రాసిన పాట. పాట కావాలి, పాట పుట్టిన ఒళ్ళు అక్కర్లేదు. ఆ మాటలకు ఒళ్ళుమండిన కొందరు పత్రికలకు ఉత్తరం రాశారు. దాంట్లోంచే 'రాక్ అగైనెస్ట్ రేసిజం' అనే ఉద్యమం పుట్టింది.

అదే ఏడాది సెప్టెంబరు 18న లండన్ హైడ్ పార్కులో క్వీన్ ఉచితంగా కచేరీ చేసింది. లక్షన్నర మంది వచ్చారని అంచనా. ఆ లక్షన్నర మంది ఎదుట తెల్లటి బిగుతు బట్టల్లో నిలబడి వాళ్ళచేత కేకలు పెట్టించినవాడు, ఆ దేశపు వీధి లెక్కల ప్రకారం పాకీ. ఆ సంగతి వాళ్ళలో ఎక్కువమందికి తెలియదు. తెలిస్తే ఏమయ్యేది? ఏమీ కాకపోయేదేమో. మైనారిటీ మనిషికి ఆ 'ఏమో' మీద పందెం కాయడానికి ఒకటే బతుకు ఉంటుంది.

ఇక్కడ మా సెక్యులర్ మిత్రులు ఒక మాట అంటారు. కళకు కులం లేదు, మతం లేదు, పేరుతో పనేముంది, పాట వినండి చాలు అని. మిత్రులారా, పేరుతో పని లేకపోతే పేరు మార్చుకోవాల్సిన పనెందుకొచ్చింది? జాన్ డీకన్‌ పేరు జాన్ డీకన్‌గానే ఉంది కదా. రోజర్ టేలర్‌ పేరు రోజర్ టేలర్‌గానే ఉంది కదా. పేరుతో పనిలేదన్న మాట ఎప్పుడూ పేరుతో ఇబ్బంది పడనివాడి నోటినుంచే వస్తుంది.

మా ముస్లిం మిత్రులు కొందరు ఇంకో మాట అంటారు. బిస్మిల్లా అన్నాడు, ముస్తఫా అన్నాడు, ఎంతైనా మనవాడే అని. కాదు భాయ్. అతను పార్సీ. అతని పూర్వీకులు ఇరాన్‌లో మన మతస్థుల పాలన కిందినుంచే తమ అగ్నిని కాపాడుకుంటూ గుజరాత్ రేవుకు చేరారు. ఆ చరిత్ర మింగేసి అతన్ని మనవాడని కలిపేసుకోవడం, ఇంగ్లండు అతన్ని తెల్లవాడిగా కలిపేసుకోవడం లాంటిదే. మన మాట అతని పాటలో ఉన్నందుకు సంతోషిద్దాం. మనిషిని మాత్రం అతని చోట ఉండనిద్దాం.

పార్సీల ప్రస్తావన వచ్చింది కాబట్టి వాళ్ళు చెప్పుకునే కథ ఒకటి చెప్పాలి. హైదరాబాద్ వాళ్ళకు పార్సీలు కొత్త కాదు, ఆబిడ్స్‌లోనూ సికింద్రాబాద్‌లోనూ వాళ్ళ అగ్ని ఆలయాలున్నాయి. సంజాన్ రేవులో దిగిన పార్సీలకు ఆ ఊరి రాజు అంచులదాకా పాలతో నిండిన గిన్నె పంపాడట. ఇక్కడ చోటు లేదని అర్థం. పార్సీల గురువు ఆ పాలలో చక్కెర కలిపి వెనక్కి పంపాడట. పాలు పొర్లలేదు, తియ్యబడ్డాయి. రాజు సంతోషించి ఉండనిచ్చాడట.

ఈ కథ ఎంత అందంగా ఉందో, మాకు అంత భయం వేస్తుంది. చక్కెర ఉన్నట్టు తెలుస్తుంది, కనబడదు. మైనారిటీకి లోకం రాసిచ్చిన అద్దె ఒప్పందం ఇదే. తీపి ఇవ్వు, కనబడకు. ఖవ్వాలీ ఇవ్వు, బిర్యానీ ఇవ్వు, గజల్ ఇవ్వు, షెహనాయీ ఇవ్వు. గడ్డం, బురఖా, పేరు మాత్రం కరిగించుకో. ఫరోఖ్ బుల్సారా ఇంగ్లండు పాలలో చక్కెరలా కరిగాడు. ఇంగ్లండు తీపి తాగింది. దాన్ని అతని నేరంగా మేం రాయలేం. గిన్నె నిండిందన్నవాడిది ఆ లెక్క.

మన దేశంలో ఈ లెక్క తెలియనిదా? పెషావర్‌లో పుట్టిన యూసుఫ్ ఖాన్ 1944లో 'జ్వార్ భాటా'తో దిలీప్ కుమార్ అయ్యాడు. ముంతాజ్ జహాన్ మధుబాల అయ్యింది. మహజబీన్ మీనాకుమారి అయ్యింది. వీళ్ళ ముఖాలు చూసి ఏడ్చిన దేశం, నవ్విన దేశం, ప్రేమలో పడ్డ దేశం, వాళ్ళ అసలు పేర్లతో వస్తే ఏం చేసేదో ఎవరికీ తెలియదు. నిర్మాతలు పందెం కాయలేదు. అదే కాలంలో, మన 'రోజులు మారాయి' సినిమాలో 1955లో చిందేసి తెలుగువాళ్ళకు పరిచయమైన వహీదా రెహ్మాన్ హిందీకి వెళ్ళింది. 'సి.ఐ.డి.' సినిమాకు పేరు మార్చుకోమన్నారు. మార్చుకోనంది. అమ్మానాన్నలు పెట్టిన పేరు, అదే ఉంటుందంది. 1956లో ఆ సినిమా ఆ పేరుతోనే వచ్చింది, ఆడింది. ఆకాశమేమీ విరిగి పడలేదు.

వహీదా ధైర్యవంతురాలు, యూసుఫ్ పిరికివాడు అని తేల్చేయడం సులువు. అది న్యాయం కాదు. ఒకరి ధైర్యం మరొకరి మీద కొరడా కాకూడదు. ఎవరు ఎంత ఆకలి మీద ఉన్నారో, వెనక ఎంతమంది తినే నోళ్ళున్నాయో, ఆ ఏడాది ఊళ్ళో గాలి ఎటు వీస్తోందో మనకు తెలియదు. కానీ ఒక తేడా మాత్రం నిజం. మారుపేరుతో తెరుచుకున్న తలుపు ఆ ఒక్క మనిషి దూరగానే మూసుకుంటుంది. సొంతపేరుతో తెరిపించిన తలుపు వెనక వచ్చేవాళ్ళకు కొంచెమైనా తెరిచే ఉంటుంది. ఇవాళ ఖాన్‌లు ఖాన్‌లుగానే గోడల మీద పోస్టర్లకెక్కుతున్నారంటే, వెనక వహీదా లాంటివాళ్ళు కాలు అడ్డం పెట్టి ఆపిన తలుపులున్నాయి.

పేరు మార్చుకోవడమే తప్పన్నవాళ్ళకు ఇంకో సంగతి. మద్రాసులో దిలీప్ కుమార్ అనే కుర్రాడు తనకు నచ్చి, నమ్మి ఎ.ఆర్. రహ్మాన్ అయ్యాడు. యూసుఫ్ దిలీప్ అయిన దేశంలోనే దిలీప్ రహ్మాన్ అయ్యాడు. లండన్‌లో గ్రీకు సైప్రస్ తండ్రికి పుట్టిన స్టీవెన్ జార్జియో మొదట కేట్ స్టీవెన్స్ అనే పేరుతో లోకమంతా మెచ్చిన గాయకుడయ్యాడు. 1977లో ఇస్లాం స్వీకరించి, మరుసటేడు యూసుఫ్ ఇస్లాం అయ్యాడు. 2004 సెప్టెంబరులో అతను లండన్ నుంచి వాషింగ్టన్ వెళ్తున్న విమానాన్ని మధ్యలో మెయిన్ రాష్ట్రంలో దింపేశారు. జాబితాలో పేరుందని అతన్ని వెనక్కి పంపేశారు. కేట్ స్టీవెన్స్‌కి వేదికలు పరిచిన దేశమే అది. గొంతు అదే, మనిషి అదే. కాబట్టి పేరు మార్చుకునే స్వేచ్ఛ ఉండటం వేరు, ఒక వైపు మార్చుకుంటే పూలు, ఇంకో వైపు మార్చుకుంటే పోలీసులు ఉండటం వేరు. మా తగాదా ఈ రెండోదానితో.

ఇంతదాకా మేం ఫ్రెడ్డీ పక్కనే నిలబడ్డాం. ఒక్కచోట నిలబడలేం. అది 1984.

ఆ ఏడాది అక్టోబరులో క్వీన్ దక్షిణాఫ్రికాలోని సన్ సిటీలో కచేరీలు చేసింది. అప్పటికి ఆ దేశంలో జాతివివక్ష చట్టమై కూర్చుని ఉంది. నల్లవాళ్ళను సొంత నేలమీద పరాయివాళ్ళను చేయడానికి ఆ ప్రభుత్వం కొన్ని తునకలు కోసి, ఇవి మీ దేశాలు పొమ్మంది. 1977లో అలా స్వతంత్రమని ప్రకటించిన బోఫుతట్స్వానాను ప్రపంచంలో మరే దేశమూ గుర్తించలేదు. జూదశాలలతో వెలిగిపోయే సన్ సిటీ అందులోనే ఉంది. కళాకారులు అక్కడికి వెళ్ళొద్దని ఐక్యరాజ్యసమితి పిలుపు ఇచ్చింది. క్వీన్ వెళ్ళింది. మాకు రాజకీయాలు లేవు, మా కచేరీకి అన్ని రంగులవాళ్ళూ రావచ్చు అన్నారు. అక్కడి అంధ, బధిర పిల్లల బడికి విరాళం కూడా ఇచ్చారు. ఇంగ్లండులో సంగీతకారుల సంఘం వాళ్ళకు జరిమానా వేసింది. మరుసటేడు ఎందరో గాయకులు కలిసి, అక్కడ పాడబోమంటూ ఒక పాటే విడుదల చేశారు.

నిర్ణయం నలుగురిదీ. అయినా మేం ఒక్కడినే అడుగుతాం, ఎందుకంటే అతని మీద మాకు ఆశ ఎక్కువ. ఫరోఖ్ బుల్సారా, దక్షిణాఫ్రికా చట్టం నీ తల్లిదండ్రుల్ని ఏ బెంచీ మీద కూర్చోబెట్టేది? అదే చట్టం కింద గుజరాతీ వకీలు గాంధీ వారసులు ఏ వరసలో నిలబడ్డారు? నీ పేరు నువ్వు దాచుకున్నావు. అది నీ ఇష్టం, నీ ఇజ్జత్, నీ భయం. అందులో ఇంకొకరి అన్నం పోలేదు. కానీ దాచుకున్న చోటినుంచి లేచి వెళ్ళి, ఇంకొకడి గోడకు దీపాలంకరణ చేశావే, అక్కడ నీ మౌనం నీ ఒక్కడి మౌనంగా మిగల్లేదు.

మా నైతికం ఈ గీత దగ్గర ఉంది. ఖామోషీ హక్కే. బలహీనుడి చేతిలో మిగిలిన ఆఖరి హక్కు ఒక్కోసారి అదే. తన ఊరు, తన దేవుడు, తన ప్రేమ, తన రోగం ఎవడికీ చెప్పనని మనిషి అనొచ్చు. ఫ్రెడ్డీ తన ఎయిడ్స్ జబ్బు సంగతి 1991 నవంబరు 23న, చచ్చిపోయే ముందురోజు మాత్రమే బయటపెట్టాడు. పత్రికలవాళ్ళం మేం. ఆఖరి రోజుల్లో అతని ఇంటిముందు కాపు కాసిన మా వృత్తివాళ్ళ కెమెరాలు తలుచుకుంటే, అతను నోరు మూసుకున్నందుకు నిలదీసే మొహం మాకు లేదు. కానీ ఆ హక్కు తన గాయం వరకే. తనకు తగిలిన రాయినే ఇంకొకడికి విసురుతున్నవాడి పక్కన కూర్చుని పియానో వాయించడానికి అది చెల్లదు. ఈ మాట మేం మాకూ చెప్పుకుంటున్నాం. అద్దె ఇల్లు దొరకలేదని రాసే మేం, మా గల్లీలోనే దూదేకుల వాళ్ళని, మెహతర్లని తక్కువచేసి మాట్లాడితే, పిల్లనిచ్చేటప్పుడు జాత్ అడిగితే, మా ఏడుపుకు విలువెక్కడిది?

నవంబరు 24న అతను పోయాడు. అంత్యక్రియలు జొరాస్ట్రియన్ పద్ధతిలో, ఆ మత గురువుల ప్రార్థనలతో జరిగాయి. ఫెల్తమ్ ఇంట్లో ఫరోఖ్ ఎన్నడూ ఎక్కడికీ పోలేదని అప్పుడు లోకానికి తెలిసింది. ఆ తర్వాత వింతలు జరిగాయి. 2004లో ఇరాన్ ప్రభుత్వం క్వీన్ పాటల సంకలనాన్ని అధికారికంగా అమ్మనిచ్చింది. పూర్వీకులు వదిలివచ్చిన నేలమీదికి అతని గొంతు చేరింది. 2006లో అతని అరవయ్యో పుట్టినరోజుకు జాంజిబార్‌లో వేడుక చేస్తామంటే, అక్కడి ఒక ఇస్లామిక్ సంస్థ అతని జీవితం దీవికి మచ్చ అని అడ్డుపడింది. వేడుక రద్దయింది. 2019లో అదే స్టోన్ టౌన్‌లో అతని పేర మ్యూజియం తెరిచారు. ఒకచోట పేరు దాచాల్సి వచ్చింది, ఇంకోచోట ప్రేమ దాచాల్సి వచ్చింది. తెల్లవాడి గిన్నె ఒక్కటే నిండిపోయిందనుకోవడం పొరపాటు. మన గిన్నెలూ నిండే ఉన్నాయి.

కాబట్టి మొదట అడిగిన దానికి మా జవాబు ఇది. పేరు దాచుకున్నవాడు అబద్ధాలకోరు కాదు. అతని పాటకు చప్పట్లు కొట్టి, అతని పేరు వింటే మొహం చిట్లించే లోకం అబద్ధాలకోరు. బిస్మిల్లాని పాటలో ఇష్టపడి, పక్కింట్లో వినలేని చెవి అబద్ధాలకోరు. అయితే దాచుకున్నవాడికి బాధ్యత పోదు. తాను దాటివచ్చిన గోడను ఇంకొకరి దారిలో కట్టనివ్వకూడదు. పేరుతో నిలబడగల ఓపిక ఉన్నవాళ్ళు నిలబడాలి, నిలబడలేనివాళ్ళను తిట్టకూడదు.

ఈ సంకలనంలో మా పేర్లన్నీ మా పేర్లుగానే అచ్చయ్యాయి. షేక్‌లు, సయ్యద్‌లు, మహమ్మద్‌లు, బీబీలు, బేగంలు. ఒక్క అక్షరమూ కరిగించలేదు. చక్కెరగా కరిగి తీపి ఇవ్వమంటే మా వల్ల కాదు. పేరు చూసి పేజీ తిప్పేవాళ్ళు తిప్పుతారు, ఆగి చదివేవాళ్ళు చదువుతారు. తెరచాటునుంచి కాకుండా వెలుతురులో నిలబడి, మా సొంత గొంతుతో బిస్మిల్లా అని మొదలుపెట్టాం. ఇక వినడం మీ వంతు.